తియ్యటి బుషేరా

ఎరిఫాజి తాగలేదు. ఆ సంగతి ఎరిఫాజికి తెలుసు, వాళ్లమ్మ కేజియాకు తెలుసు, ఇన్ని వారాలుగా వాళ్ల వెంట నడుస్తున్న మీకూ తెలుసు. తెలియనిదల్లా పోలీసుల చేతిలో ఉన్న ఊదే యంత్రానికి.

సరిహద్దు అవతలి కిగాలీ నుంచి ఇవతలి కబాలేకు వస్తున్న బస్సు, రెండు దేశాల మధ్య ఉన్న కటూనా గేటు దాటి కొండ ఎక్కుతూ ఒక మలుపులో అదుపు తప్పింది. ఆలుగడ్డల బస్తాలు కట్టిన సైకిలును తోసుకుంటూ వస్తున్న టిబెసిగ్వా అనే మనిషి కాలు విరిగింది. బస్సులో ఉన్నవాళ్లందరూ దేవుడి దయవల్ల క్షేమంగా దిగారు. పోలీసులు వచ్చి డ్రైవరు ఎరిఫాజి చేత గొట్టంలోకి ఊదించారు. యంత్రం మద్యం ఉందన్నది. మళ్లీ ఊదించారు. మళ్లీ అదే మాట. పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టనివాడు, రక్షణ పొందినవాళ్ల ప్రార్థన సహవాసంలో పాట ఎత్తుకునేవాడు, ఆ రాత్రి తాగుబోతుల మధ్య లాకప్పులో కూర్చున్నాడు. పూచీకత్తు మీద ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఎవరి ముఖమూ చూడడం లేదు. సోమవారం కోర్టు.

శుక్రవారం మధ్యాహ్నం దాటింది. కేజియా వాకిట్లో చాప పరిచి మొలకెత్తిన జొన్నలు ఆరబోస్తోంది. కింద మలుపులో మోటారు సైకిలు మూలుగు వినబడింది. కొండ ఎక్కేటప్పుడు రెండుసార్లు ఆగి, మూడోసారి గట్టిగా దగ్గి ఎక్కే బండి ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది.

"అమ్మాయ్, యోసాము అన్న వస్తున్నాడు. కుర్చీ వెయ్యి. వెనకాల జొన్నచేలో కూర్చున్నాడే మహానుభావుడు, వాణ్ణి చొక్కా తొడుక్కుని రమ్మను."

కోడలు నల్వోగా కుర్చీ తెచ్చి వేసింది. కంపాలా వైపు పిల్ల. ఈ కొండల మీదికి కాపురానికి వచ్చి రెండేళ్లవుతున్నా ఇక్కడి మాట ఆమె నోట్లో ఇంకా కుదురుకోలేదు. వాగులో రాళ్ల మీద అడుగులేసినట్టు ఒక్కో మాటా చూసుకుని పలుకుతుంది. పెద్దవాళ్లు ఎదురైతే మోకాళ్ల మీద కూర్చుని పలకరించే అలవాటు మాత్రం మానలేదు. మొదట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు నవ్వేవారు. "నీ కోడలి మోకాళ్లు అరిగిపోతాయి కేజియా, వాటికి చెప్పులు కుట్టించు," అనేవారు. కేజియా కూడా నవ్వేది. ఈమధ్య నవ్వడం మానేసింది. ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు.

యోసాము బండి దిగి, హెల్మెట్టు తీసి, నుదురు తుడుచుకున్నాడు. సహవాసానికి పెద్ద. కఠినుడని పేరు గానీ కఠినమంతా మాటలోనే. ఎవరింట్లో జబ్బున్నా ముందు ఆగేది ఆయన బండే.

"స్తోత్రం అక్కా."

"స్తోత్రం అన్నా. ముఖం అట్లా వాడిపోయిందేం?"

"శుక్రవారం కదా, ఉపవాసం. సూర్యుడు వాలాకే ఏదైనా."

"ఇదిగో, ఆ కొండ వెనక్కి వెళ్లిపోయాడుగా. మా ఇంటికి వాలినట్టే."

"నీ ఇంటి సూర్యుడికి తొందరెక్కువ," అని నవ్వి కూర్చున్నాడు యోసాము. అంతలో ఎరిఫాజి వచ్చి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. మామూలుగా గుమ్మంలోంచి తల వంచి రావలసిన మనిషి. ఈ నాలుగు రోజుల్లో ఆ గుమ్మమే పెద్దదైనట్టు కనబడింది కేజియాకు.

"దాచి మాట్లాడడం నాకు రాదక్కా. వీడి కోసమే వచ్చాను. ఎల్లుండి సహవాసంలో వీడు లేచి నిలబడాలి. తాగాను, తప్పు చేశాను, ప్రభువు క్షమించాడు. ఈ మూడు ముక్కలు చెబితే చాలు. అప్పుడు సోమవారం కోర్టులో మేమందరం వీడి వెనక నిలబడతాం. పడినవాణ్ణి లేపుతాం గానీ, పడి కూడా పడలేదనేవాణ్ణి ఎట్లా లేపేది?"

"తాగనివాడు తాగానని ఎట్లా చెబుతాడన్నా?"

"యంత్రం చెబుతోంది కదా."

"యంత్రం! ఆ యంత్రం వీణ్ణి ఒక్కనాడు చూసింది. నేను వీణ్ణి మోసి కన్నాను."

యోసాము గొంతు తగ్గించాడు. "అక్కా, మొన్న పట్నంలో డ్రైవర్లనీ సంఘం పెద్దల్నీ పిలిచి మీటింగు పెట్టారు. నేనూ వెళ్లాను. ఆఫ్రికా దేశాలన్నీ కూర్చుని ఒక ఒడంబడిక రాసుకున్నాయట. జనాభా లెక్కన చూస్తే రోడ్ల మీద చచ్చేది మన ఖండంలోనే ఎక్కువట. అందుకని తాగి నడిపేవాణ్ణి ఏ దేశమూ చూసీ చూడనట్టు వదలకూడదని రాసుకున్నారు. కొన్ని దేశాలు సంతకం పెట్టాయట, కొన్ని ఇంకా కలం వెతుక్కుంటున్నాయట!" తన మాటకు తనే కొంచెం నవ్వుకున్నాడు. "ఇదివరకు ఇక్కడ పట్టుబడ్డవాడు గేటు దాటి అవతల స్టీరింగు పట్టుకునేవాడు. ఇకమీదట దేశాలు పట్టుబడ్డవాళ్ల పేర్లు ఒకదానికొకటి చెప్పుకోవాలంటున్నారు. కోర్టులో వీడి మీద తాగుబోతని ముద్ర పడిందంటే వీడికి స్టీరింగు ఇవతలా లేదు, అవతలా లేదు. అదే వీడు తగ్గి, ఒప్పుకుని, దయ చూపమని అడిగితే..."

"దేశాలన్నీ అంత బాగా కలిసి కూర్చుంటే," అంది కేజియా, "ముందు ఆ గేటు దగ్గర ఏ పక్క నడపాలో ఒప్పుకోమను. ఇవతల ఎడమ పక్క, అవతల కుడి పక్క. మా మేక తప్పిపోయి గేటు దాటితే అది కూడా తికమకపడి తిరిగొచ్చింది."

గుంజ దగ్గర ఎరిఫాజి పెదవి కొంచెం కదిలింది. నాలుగు రోజుల్లో అదే మొదటిసారి.

"నవ్వులాట కాదన్నా," అంది కేజియా. "నాకు చదువు లేదు, అడుగుతాను చెప్పు. యంత్రం ఒంట్లో ఏముందో చెబుతుంది. ఎట్లా వచ్చిందో చెబుతుందా? కావాలని తాగినవాడూ, తెలియక తాగినవాడూ దానికి ఒక్కటేనా?"

"దేవుడి దగ్గర ఇద్దరూ వేరేమో. రోడ్డు మీద పడ్డ టిబెసిగ్వా కాలికి మాత్రం ఒక్కటేనక్కా."

ఆ కాలును కేజియా చూసింది. ఆసుపత్రికి రెండుసార్లు అంబలి పట్టుకెళ్లింది. తిడతాడేమోనని భయపడుతూ వెళ్లింది. టిబెసిగ్వా తిట్టలేదు. 'నీ కొడుకే ముందు దిగి వచ్చి, ఒంటి మీది చొక్కా చింపి నా కాలు కట్టాడమ్మా,' అన్నాడు. ఆ మాట తిట్టుకంటే బరువుగా ఉంది.

ఎరిఫాజి గొంతు సవరించుకున్నాడు. దగ్గొచ్చింది. దగ్గు ఆగాక అన్నాడు: "అన్నా, యంత్రం అబద్ధం చెప్పదంటున్నారు. నేనూ చెప్పడం లేదు. అయినా ఇద్దరిలో ఎవరో ఒకరు చెబుతున్నట్టే కదా. ఆలోచించి ఆలోచించి నా మీద నాకే నమ్మకం పోతోంది. గేటు దగ్గర దిగాను, పాస్‌పోర్టులో ముద్ర వేయించుకున్నాను, డబ్బాలో అమ్మ కాచిన బుషేరా అంబలి తాగాను, బస్సెక్కాను. మలుపు దగ్గర కన్ను మూతపడ్డట్టయింది. అంతే. ఇంకేం చేశానో ఎంత తవ్వినా దొరకడం లేదు." గుంజను వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. "సరే అన్నా. ఆదివారం లేచి తాగానని చెబుతాను. ఆ మనిషి అక్కడ మంచం మీద పడి ఉంటే, నేను ఇక్కడ నిలబడి మంచివాణ్ణని వాదించుకోవడం ఏం బాగుంది?"

"ఒరే! దేవుడి ముందు నిలబడి అబద్ధమాడతావా?"

"నిజం చెబితే ఎవరూ నమ్మడం లేదమ్మా," అని, తల వంచుకుని మళ్లీ జొన్నచేలోకి వెళ్లిపోయాడు.

కేజియా చేతులు చాప మీదే ఆగిపోయాయి. అబద్ధపు ఒప్పుకోలు. రక్షణ పొందినవాళ్లకు ఒప్పుకోలంటే గుండె విప్పి వెలుతురులో పెట్టడం. చెయ్యని పాపాన్ని చేశానని చెప్పడం ఏ పాపం కిందికి వస్తుందో ఆమెకు ఎవరూ బోధించలేదు. కొడుకు జైలుకు పోయినా ఓర్చుకోగలదు. వాడు సహవాసంలో నిలబడి అబద్ధమాడితే మాత్రం, ఆ తరువాత వాడు ఎత్తుకునే పాటకు తను గొంతు కలపగలదా?

యోసాము హెల్మెట్టును ఒళ్లో తిప్పుకుంటున్నాడు. అనుకున్నది జరిగింది గానీ, సంతోషం కలగలేదు ఆయనకు.

అప్పుడే నల్వోగా పెద్ద లోటాతో బుషేరా తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా అందించింది.

రక్షణ పొందిన ఇంటికి ఎవరొచ్చినా ఇచ్చేది అదే. జొన్న అంబలిలో మొలకజొన్న పిండి కలిపి కుండలో పెడితే ఒకటి రెండు రోజులకు పుల్లబడుతుంది. పసిపిల్లలకు పడతారు, పెళ్లిళ్లలో పోస్తారు, సంఘం పెద్దలకు ఇస్తారు. కల్లు మానినవాడి మర్యాద నిలబెట్టేది బుషేరాయే. కేజియా బుషేరా అంటే ఆ కొండ మీద పేరు. మొన్న పోలీసులు అడిగినప్పుడు కూడా తల ఎత్తి చెప్పింది: "జొన్నలు నానేసింది నేను, విసిరింది నేను, కాచింది నేను. ఇంకో చెయ్యి పడలేదు."

యోసాము కొండ వైపు ఒకసారి చూసి, సూర్యుడు నిజంగానే కనబడడం లేదని నిర్ధారించుకుని, ప్రార్థన చేసుకుని, లోటా ఎత్తాడు. దించలేదు. అయిపోయాక మీసం తుడుచుకున్నాడు.

"అబ్బ! ఇదేం తీపి అక్కా! ఏ యేటికాయేడు నీ చేతికి వయసు తగ్గుతోంది."

"తీపి అమ్మాయి పని. నాకు షుగరు కదా, తీపి కలపకముందే నా చెంబు నేను తీసి పెట్టుకుంటాను."

"అమ్మాయ్, ఇంకొకటి పొయ్యి. పొద్దుట్నుంచి ఖాళీ కడుపు."

రెండో లోటా కూడా అంతే వేగంగా వెళ్లింది. యోసాము కుర్చీలో వెనక్కి వాలాడు. గాలి బాగుందన్నాడు. ఈ ఏడు ఆలుగడ్డ ధర బాగుంటుందన్నాడు. ఉన్నట్టుండి, "కొన్ని దేశాలు ఇంకా కలం వెతుక్కుంటున్నాయి అన్నాను చూడు, బాగుంది కదూ?" అని నవ్వాడు.

"బాగుందన్నా."

"కలం వెతుక్కుంటున్నాయట!" మళ్లీ నవ్వాడు. ఈసారి కళ్లలో నీళ్లొచ్చాయి. "నీ మేక మాట కూడా బాగుంది. మేకకి పాస్‌పోర్టు ఉందా అని అడిగారా ఏం?"

యోసాము ఇన్ని మాటలాడగా కేజియా ఎప్పుడూ వినలేదు. ఉపవాసం వల్ల తల తేలికపడి ఉంటుందనుకుంది. నల్వోగా మూడో లోటా తెస్తుంటే, మాటిమాటికీ ఆ పిల్ల మోకాళ్ల మీద వంగడమెందుకని, తనే చెయ్యి చాపి అందుకుంది.

లోటా ముక్కు దగ్గరికి వచ్చేసరికి కేజియా అక్కడ లేదు. ఎనిమిదేళ్ల పిల్లై తండ్రి ఇంట్లో ఉంది. అరటాకులు కప్పిన పెద్ద కుండ. పక్కన తేనె మరకల కుండ పెంకు. కుండలోంచి చిన్నగా చిటపటమనే చప్పుడు. పెళ్లి మాటల కోసం వచ్చినవాళ్లు గడ్డి గొట్టాలతో పీలుస్తూ బిగ్గరగా నవ్వే నవ్వు. ఎంటురిరే. తండ్రి కాచిన ఆ జొన్నకల్లుకు పక్క కొండల నుంచి మనుషులు వచ్చేవారు. అదే తాగి ఒక పెళ్లి నుంచి వస్తూ ఆయన వాగులో పడిపోయాడు. ఆ తరువాత రక్షణ పొందిన కేజియా ఆ వాసన ఉన్న ఇంటి గుమ్మం కూడా తొక్కలేదు.

లోటాలోకి చూసింది. నురుగు అంచుల్లో సన్నటి బుడగలు కదులుతున్నాయి.

'ప్రభువా, ఇది తప్పైతే రాసుకో,' అనుకుని నాలుక కొన ఆనించింది.

జొన్న పులుపు కింద తేనె, తేనె కింద వేడి. ఇన్నేళ్లయినా నాలుక మరిచిపోలేదు.

"ఇప్పుడే వస్తానన్నా," అని లేచి వంటింట్లోకి నడిచింది. నల్వోగా చేతిలోని డబ్బా తీసుకుని మూత దగ్గర వాసన చూసింది.

"ఇందులో ఏం కలిపావు?"

"తేనె, అత్తమ్మా."

"పంచదార కదా వేసేది."

"అయిపోయింది. ఆయనకేమో దగ్గు. మా వైపు దగ్గుకి జావలో తేనె వేస్తాం. బునియోనీ చెరువు వైపు నుంచి ఒకామె తేనె తెస్తే సీసా కొన్నాను." కోడలు అత్త ముఖం చూసి మాట తడబడింది. "ఆయన బస్సెక్కే ముందురోజు డబ్బాలో కలిపి పొయ్యి పక్కన పెట్టాను, వెచ్చగా ఉంటుందని. గేటు దగ్గర తాగి ఫోను చేసి, చాలా బాగుంది, మళ్లీ ఇట్లాగే చెయ్యి అన్నారు. నిన్న మళ్లీ కలిపాను. ఎందుకు అత్తమ్మా? తేనె వెయ్యకూడదా?"

కేజియాకు ఒళ్లు మండింది. నోటిదాకా వచ్చింది: పులుస్తున్న బుషేరాలో తేనె పడితే ఏమవుతుందో ఈ కొండల మీద పాలుతాగే పిల్లను అడిగినా చెబుతుందే! నీకు తెలియదా?

ఆ మాట పళ్ల దగ్గర ఆగిపోయింది. అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఈ పిల్లకు చెప్పలేదు. ఎరిఫాజికీ మాటగా తెలుసు గానీ రుచిగా తెలియదు. ఎన్నడూ తాగనివాడు దాన్ని నోట్లో ఎట్లా గుర్తుపడతాడు? గుర్తుపట్టగలిగేది ఈ ఇంట్లో తనొక్కతే. తను తీపి తినదు.

"అది ఎంటురిరే అమ్మాయ్. తేనె పడితే బుషేరా కల్లవుతుంది."

నల్వోగా అర్థం కానట్టు చూసింది. తరువాత అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ పక్కన కూలబడిపోయింది. "నేనా? నేనే పోశానా ఆయనకి? నా చేత్తోనా?" అని గుసగుసగా అడుగుతూనే ఉంది.

కేజియా ఆమె పక్కన చతికిలబడింది. ఇంతసేపూ ఈ గుట్టు బయటపడితే చాలు, కొడుకు గెలిచినట్టేనని అనుకుంది. ఇప్పుడు బయటపడింది. దీన్ని పట్టుకుని వీధిలోకి వెళితే ఏం జరుగుతుందో కూడా కనబడింది. రక్షణ పొందిన ఇంట్లో కల్లు కాచిన కంపాలా కోడలు. మోకాళ్లను చూసి నవ్విన నోళ్లు ఇక దీన్ని చూసి నవ్వుతాయి, నవ్వి ఊరుకోవు. పోలీసుల ముందు తను చెప్పిన మాట? ఇంకో చెయ్యి పడలేదు! ఒక్కరోజు ఆగితే? ముందు ఎరిఫాజికి ఒక్కడికే చెప్పి, నిదానంగా...

బయట కిక్ కొట్టిన చప్పుడు వినబడింది. బండి దగ్గింది, ఆగింది. మళ్లీ కిక్.

కేజియా చేతిలోని డబ్బా వదిలేసింది. లేచి పరిగెత్తింది.

యోసాము బండి మీద ఉన్నాడు. హెల్మెట్టు వెనకది ముందుకు పెట్టుకుని, ఏమీ కనబడక నవ్వుకుంటూ తిప్పుకుంటున్నాడు. ఎదురుగా కొండ దారి. ఒక పక్క గోడలాంటి గట్టు, ఇంకో పక్క లోయ.

"ఎక్కడికన్నా? భోజనం చేసి వెళుదువుగాని. చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి."

"వద్దక్కా! ఆసుపత్రికి వెళ్లాలి, టిబెసిగ్వా కోసం ప్రార్థన చెయ్యాలి. ఈ రోజు నాకు ప్రార్థన పొంగుకొస్తోంది." కిక్ కోసం కాలు ఎత్తాడు. కాలు కిక్కుకు తగలకుండా గాలిలో దిగింది. "ఎవరో కిక్కు జరిపారు చూడు!"

"అన్నా, బండి దిగు."

"ఎందుకక్కా?"

చిన్న అబద్ధం ఒకటి చెప్పి ఆపొచ్చు. చక్రంలో గాలి లేదనొచ్చు. కేజియా నోరు తెరిచింది. అబద్ధం రాలేదు.

"నువ్వు తాగి ఉన్నావన్నా," అంది.

యోసాము నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆగాడు. "ఎవరూ? నేనా?"

"నువ్వే. నీకు పోసింది బుషేరా కాదు. ఎంటురిరే. నా ఇంట్లో, నా కుండలోంచి, నా ఎదురుగా పోసింది. రెండు లోటాలు ఖాళీ కడుపున తాగావు." అంటూనే చెయ్యి చాపి తాళం లాగేసింది.

"ఏం మాటలక్కా ఇవి! నేను బాగానే ఉన్నాను. చూడు, ఎంత బాగున్నానో."

"అందరూ అదే అంటారన్నా."

ఆ మాటతో యోసాము ముఖంలో నవ్వు ఒక్కొక్క మడతే విడిపోయింది. బండి దిగబోయి పక్కకు తూలాడు. కేజియా భుజం పట్టుకుంది. ఆయన వాకిలి గట్టు మీద కూర్చుని రెండు చేతుల్నీ ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. అరవై దాటిన మనిషి, జీవితంలో మొదటిసారి.

"నాకేమీ తెలియలేదు," అన్నాడు చివరికి. "తియ్యగా ఉంది, అంతే. ఏమీ తెలియలేదక్కా."

"వాడికీ తెలియలేదన్నా."

యోసాము తల ఎత్తి ఆమె ముఖంలోకి చూశాడు. తరువాత తల దించుకున్నాడు. "వాణ్ణి నేనేమన్నాను! ఎల్లుండి లేచి అబద్ధం చెప్పమన్నానే. దేవుడి ఇంట్లో! పెద్దననుకుని..." మాట పూర్తిచెయ్యలేక పసిపిల్లాడిలా ముక్కు తుడుచుకున్నాడు. "అయినా చక్రం వాడి చేతిలోనే ఉంది కదక్కా. కాలు విరిగింది కదా. కోర్టు దీన్ని ఎట్లా చూస్తుందో నాకు తెలియదు."

"నాకూ తెలియదు. ఉన్నది ఉన్నట్టు చెబుదాం. బరువెంతో వాళ్లు తూచుకుంటారు."

గుంజ దగ్గర ఎరిఫాజి నిలబడి ఉన్నాడు. కేకలు విని వచ్చినట్టున్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో.

"అంటే నేను అబద్ధం చెప్పలేదు," అన్నాడు మెల్లగా. "యంత్రం కూడా చెప్పలేదు." జొన్నల చాప పక్కనే కూర్చుని ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఆ పెద్ద భుజాలు ఎగిసిపడుతుంటే కేజియా చూడలేకపోయింది.

తల ఎత్తి, "ఎవరు కలిపారమ్మా తేనె?" అని అడిగాడు.

కేజియా గుమ్మం వైపు చూడలేదు. "కుండ నాది, ఇల్లు నాది. ఈ కొండ మీద ఏది దేనిలో కలపకూడదో ఇంటికొచ్చిన పిల్లకి చెప్పవలసింది నేను. చెప్పలేదు. పోలీసులకైనా, సహవాసంలోనైనా నేను చెప్పేది అదే. ఇంకొకరి పేరు ఎవరు ఎత్తినా నా కుండ వాళ్ల తల మీద పగులుతుంది. విన్నావా యోసాము అన్నా?"

"విన్నానక్కా," అన్నాడు యోసాము వినయంగా. ఒక లోటా తక్కువ తాగి ఉంటే అంత వినయంగా అనేవాడో కాదో.

గుమ్మంలో నల్వోగా నిలబడింది. ఎరిఫాజి భార్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. చెయ్యి చాపాడు, రమ్మన్నట్టు. ఆమె కదల్లేదు.

"అత్తమ్మా," అంది. "నిన్న కలిపింది ఒక్క డబ్బా కాదు."

"మరి?"

"రెండు. పొద్దున మీరు చేలో ఉన్నప్పుడు బుసింగ్యే వచ్చాడు."

బుసింగ్యే అంటే ఎరిఫాజి దగ్గర బస్సు నేర్చుకున్నవాడు. ఎరిఫాజిని ఆపేశాక అదే బస్సు, అదే దారి ఇప్పుడు అతనికిచ్చారు.

"'ఊరంతా ఏమన్నా సరే, కేజియమ్మ బుషేరా తాగే నేను బస్సు నడుపుతాను, అందరి ఎదుటా తాగుతాను' అన్నాడు. నాకు సంతోషమేసింది అత్తమ్మా. మన మీద నమ్మకంతో వచ్చాడని నిండా పోసిచ్చాను."

ఎరిఫాజి అప్పటికే జేబులోంచి ఫోను తీసి బుసింగ్యేకు చేశాడు. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు.

"ఎత్తడమ్మా. బస్సు కదులుతుంటే ఫోను ముట్టుకోడు. నేనే నేర్పాను." బస్సు ఆఫీసుకు చేశాడు. అదీ మోగి ఆగింది. "వీళ్లు నా నంబరు చూస్తే ఎత్తడం మానేశారు. ఈపాటికి కిగాలీలో బయలుదేరి ఉంటాడు. గేటు దగ్గర ముద్ర కోసం ఆగినప్పుడు డబ్బా తెరుస్తాడు, నాలాగే. ఆ తరువాత అదే కొండ."

"అయితే గేటు దగ్గరికి పోవాలి!" యోసాము లేచాడు, తూలి గుంజను పట్టుకున్నాడు. "బండి ఉంది కదా. నేను..." ఆగిపోయాడు. "ఎరిఫాజీ, నువ్వు తీసుకెళ్లు."

"నా లైసెన్సు స్టేషన్లో ఉందన్నా. కోర్టు చెప్పేదాకా ఏ బండీ నడపనని సంతకం పెట్టి వచ్చాను. పట్టుబడ్డానంటే పూచీకత్తు పోతుంది. సోమవారం నా మాట వినేవాడే ఉండడు."

"నా దగ్గర లైసెన్సు ఉంది. మెల్లగా పోతాను. తల ఇప్పుడు చాలా తేలికైంది, ఒట్టు."

"నువ్వు వద్దన్నా! నేనే పోతాను. పోతే పోనీ పూచీకత్తు."

కింద లోయలో పొగమంచు అప్పుడే పేరుకుంటోంది. నల్వోగా భర్త చేతిలోని ఫోను తీసుకుని, అదే నంబరు మళ్లీ మళ్లీ నొక్కుతోంది. మోటారు సైకిలు తాళం కేజియా పిడికిలిలో ఉంది.

తాగినవాడూ, లైసెన్సు లేనివాడూ ఇద్దరూ ఒకేసారి ఆమె ముందుకు చెయ్యి చాపారు.

"తాళం ఇటివ్వు."